ఎరువిచ్చిన గంట

ప్రార్థన మందిరం గంటను పాత ఫైరింజనుతో కలిపి వేలంలో అమ్మేశారు. అది అమ్మినవాళ్లది కాదు, కొన్నవాడిది కాదు, ఆ ఇంజనుది అసలే కాదు. వరికుంటపాడు వైపు ఒక పల్లెవాళ్లు మాకు ఎరువిచ్చిన వస్తువు. ఎరువు తెచ్చుకున్నదాన్ని అమ్ముకోవడం తప్పు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథ ముందు చెబితే జనం ఇంజను ముచ్చట్లలో పడి తప్పు సంగతి మరిచిపోతారు. నాకు అనుభవమే.

నేను ఫైర్ సర్వీసులో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. దారిలో బండి తోలేదీ, మంట దగ్గర పంపు నడిపేదీ ఒక్కడే కాబట్టి ఆ పేరు. నా బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మిగతాది స్టేషన్‌లో కాల్ లేని వేళల్లో చదువుకున్నాను. కాల్ అంటే మంట కబురు. అది రాని రోజులే ఎక్కువ కాబట్టి చదువు బాగానే సాగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెలుగు నిఘంటువును మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ణి. ఈ కేసులో నాకు పనికొచ్చిందీ అదే.

ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల స్టేషన్లలో ఏ స్టేషనో రాయను. అప్పటి వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు.

ముప్పై ఏళ్లు దాటిన మాట. మా బండి అప్పటికే ముసలిది. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, చెక్క తలుపులు, నెత్తిన నిచ్చెన. పొద్దున్నే హ్యాండిల్ తిప్పితే గానీ లేచేది కాదు. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, చెవితో ఇంజను పాట విని, మళ్లీ తొక్కి గేరు వేయాలి. వినకుండా వేస్తే పళ్లు కొరుకుతుంది. మంట దగ్గర బండి ఆపాక పీటీఓ అనే లివరు లాగితే ఇంజను బలం చక్రాలను వదిలి పంపుకు పోతుంది. బండి నిలబడిన చోటే వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు నా అరికాళ్లకు ఇంకా గుర్తుంది.

జనం దాన్ని ఫైరింజను అనేవాళ్లు కాదు. గంటబండి అనేవాళ్లు. ఎడమ పక్క తలుపు పైన ఇత్తడి గంట, దానికొక తాడు. డ్రైవర్ పక్కన కూర్చున్నవాడి పని ఆ తాడు లాగుతూ ఉండటం. ఆ చప్పుడు వింటే కొండాపురం రోడ్డులో ఎద్దులబండ్లు వాటంతట అవే మార్జిన్‌లోకి దిగేవి.

ఆ గంట పగిలింది. కొడితే రేకుడబ్బా చప్పుడు వచ్చేది. ఊడదీసి పంపించి కొత్తది కావాలని రాశారు. రాలేదు. సైరన్ అప్పటికే చచ్చిపోయి ఉంది. ఇక మిగిలింది హారన్. అది ఏ లారీకైనా ఉండే హారనే.

ఆ ఎండాకాలం వరికుంటపాడు వైపు ఆ పల్లె నుంచి కాల్ వచ్చింది. మేము ఊళ్లోకి వెళ్లేసరికి అవతలి కొసన పొగ లేస్తోంది. సందు మొదట్లో వరిగడ్డి బండి అడ్డంగా నిలిపి ఉంది. ఎద్దులు లేవు, చక్రాల కింద రాళ్లు పెట్టి ఉన్నాయి. నేను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఒక్కడూ రాలేదు. ఊరంతా మంట దగ్గర బిందెలతో ఉంది. అందరూ హారన్ విన్నారు. అది పొగాకు సీజను. లోడు కోసం వచ్చే లారీలు ఆ సందులో పొద్దంతా అలాగే అరుస్తాయి. గంట వినిపించలేదు కాబట్టి గంటబండి ఇంకా రాలేదని వాళ్ల లెక్క.

మేమే దిగి బండిని తోశాం. గడ్డి బరువుకు అది పక్కకు ఒరిగి సందులోనే పడింది. ఆ గడ్డిని పక్కకు లాగి, బండిని ఈడ్చి, దారి చేసుకొని పోయేసరికి రూతమ్మ ఇల్లు కూలిపోయింది. మిగతా వరసను కాపాడాం. ప్రాణాలు పోలేదు.

రూతమ్మ అప్పుడు ముప్పై అయిదేళ్ల మనిషి. ఊళ్లో బట్టలు కుట్టేది. పంపు ఆపి నేను పైపులు చుడుతుంటే బూడిదలోంచి కుట్టుమిషను చక్రం బయటికి లాగి, దాన్ని చేత్తో పట్టుకొనే మా దగ్గరికి వచ్చింది.

"మీ గంట ఏమైందయ్యా?"

"పగిలింది తల్లీ. కొత్తదానికి రాసినాం" అన్నాడు మా లీడింగ్ ఫైర్‌మ్యాన్. బండికి పెద్ద ఆయనే.

"రాసినారా. నిప్పుకు గూడా రాయకపోయినారా, గంట వచ్చిందాకా ఆగమని."

గడ్డి బండి తనదేనంటూ దానియేలు అనే పెద్దమనిషి ముందుకొచ్చాడు. మందిరం సంఘానికి పెద్ద. మీసాలు కాలి ఉన్నాయి.

"హారన్ విన్నానయ్యా. బిందె చేతిలోనే ఉండాది. పొగాకోడు మొత్తుకుంటాండాడు, మొత్తుకోనీలే అనుకున్నాను" అన్నాడు.

కొద్ది రోజులకు దానియేలు, రూతమ్మ బస్సులో మా స్టేషన్‌కు వచ్చారు. గోనెసంచిలో ఏదో బరువు. విప్పితే గంట. దొరల కాలంలో మిషనరీలు మందిరానికి ఇచ్చినదట. మా పగిలిన గంట కంటే కాస్త పెద్దది.

"ఇది ఎరువు" అన్నాడు దానియేలు. "మీకు కొత్తది వచ్చిందాకా వాడుకోండి. వచ్చినాక మాది మాకియ్యండి."

"మరి మీ ఆరాధనకు?" అని అడిగాను.

"రైలుపట్టా ముక్క ఒకటి ఉండాది. కొట్టుకుంటాం."

"దేవుడి గంట నిప్పుబండికి కట్టొచ్చునా?" అన్నాడు లీడింగ్ ఫైర్‌మ్యాన్.

"మా ఇల్లు కాలేటప్పుడు అది మందిరం ముందర ఊరికే యాలాడతా ఉండింది గదయ్యా" అంది రూతమ్మ. "పని చెయ్యనీ."

దాని నాలుక అరిగిపోయి ఉంటే, విరిగిన యాక్సిల్ నుంచి తీసిన కింగ్‌పిన్ అనే ఇనుప ముక్కను నేనే తగిలించాను. దాంతో ఆ గంటకు ఎక్కడా లేని గొంతు వచ్చింది. మొదట ఇనుము పలికి, తర్వాత ఇత్తడి పలికేది. నేను ఆ బండి మీద ఉన్నన్నాళ్లూ ఆ గొంతుకు దారి ఇవ్వనివాడు లేడు.

కొత్త గంట రాలేదు. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. పోయేటప్పుడు నా తర్వాత వచ్చినవాడికీ, ఆఫీసు గదిలో ఉన్నవాళ్లకూ, ఇది ఊరివాళ్లది, ఎరువు అని చెప్పాను. అందరూ తలూపారు. కొన్నేళ్లకు బండి కండెమ్ అయింది, అంటే ఇక తిరగదని తేల్చేశారు. వేలానికి పెట్టేటప్పుడు తలూపినవాళ్లలో ఒక్కడూ గంట విప్పలేదు. విప్పడానికి ఒక స్పానరు చాలు. ఈ సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పటికి బండి ఎన్ని చేతులు మారిందో చెప్పేవాడు లేడు. వెతుకుతానని రూతమ్మకు చెప్పి వచ్చాను.

పోయిన ఏడు బస్సులో నెల్లూరు పోతున్నాను. ఆత్మకూరు దాటాక ఒక హోటల్ దగ్గర టీకి ఆపారు. దిగుతుండగా గంట మోగింది. మొదట ఇనుము, తర్వాత ఇత్తడి.

హోటల్ ముందు మా బండి. ఎర్రరంగు అద్దంలా మెరుస్తోంది. టైర్లకు నల్లరంగు, నిచ్చెనకు సీరియల్ బల్బులు. జనం దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. దాని గంటను మాత్రం ఊడదీసి కౌంటర్ పక్కన వేలాడదీశారు. బిర్యానీ పార్సెల్ తయారైనప్పుడల్లా ఒక సర్వరు తాడు లాగి నంబరు కేక వేస్తున్నాడు. ఇళ్లు కాలకుండా దారి చేసిన గంట అది.

నా బస్సు పోయింది. పోనిచ్చాను.

హోటల్ యజమాని మురళి, నలభై ఏళ్లవాడు. ఇంజనుకు మనసు పెట్టి పని చేయించాడని ఒప్పుకోవాలి. బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేయించి చూపించాడు. లోపల కూడా శుభ్రంగా ఉంది. నేను దాన్ని తోలినవాణ్ణని తెలిసి కుర్చీ వేయించాడు. అప్పుడు చెప్పాను.

"అబ్బాయ్, ఆ గంట ఎరువు గంట."

"ఎరువు గంటేంది పెద్దాయనా?"

"ఊరోళ్లు ఎరువుకు ఇచ్చినారు."

"మా నాయన ఆత్మకూరులో ఎరువుల కొట్టు పెట్టినాడు. కొట్లోనే పెరిగినాను నేను. యూరియా తీసుకోని గంట ఇచ్చిపోయినోణ్ణి ఎప్పుడూ చూళ్లేదే."

తాడు దగ్గరి సర్వరు అందుకున్నాడు. "డీఏపీకయితే ఎంత గంట ఇయ్యాల సార్?"

నవ్వులాట అయిపోయేదాకా ఆగాను. నిఘంటువులో ఆ మాటకు రెండర్థాలు. ఒకటి చేలో వేసేది, రెండోది వాడుకొని తిరిగి ఇచ్చేది. రెండోది చెప్పాను.

"లోన్ అని చెప్పొచ్చు గదా మరి."

"లోనంటే తెచ్చుకున్నది ఖర్చుపెట్టుకోని అంతకంత ఇంకోటి ఇస్తావు. ఎరువంటే ఆ వస్తువే తిరిగి రావాల. వాడుకోవచ్చు, అమ్ముకోకూడదు."

"నేను వేలంలో కొన్నోడి దగ్గర కొన్నాను. చక్రాలు, నిచ్చెన, గంట, అన్నీ కలిపి. ఇచ్చినోళ్లు, పుచ్చుకున్నోళ్లు మీరు మీరు చూసుకోవాల. నన్నడిగితే ఎట్టా?"

అతని మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ న్యాయంతో గంట ఊరికి చేరదు. అమ్మిన ఆఫీసుకు వెళ్లి అడిగాను. అలాంటి గంట తమ దగ్గర ఎప్పుడూ లేదన్నారు. లేనిదాన్ని ఎలా అమ్మారని అడిగితే టీ తాగమన్నారు. తాగకుండా వచ్చేశాను.

తర్వాత పల్లెకు వెళ్లాను. దానియేలు లేడు, పోయాడు. రూతమ్మ ఉంది. ముసలిదైంది, కళ్లద్దాలు మాత్రం సూదిలో దారం ఎక్కించడానికే పెట్టుకుంటుంది. మందిరం ముందు రైలుపట్టా ముక్క ఇంకా వేలాడుతోంది.

"దొరికిందా అన్నా?" అంది, నేను నిన్న వెళ్లి ఈరోజు వచ్చినట్టు.

"దొరికింది. హోటల్లో ఉండాది."

సంగతంతా వింది. "ఈ ఊళ్లో ఎవురన్నా పోతే గంట కొట్టేది ఆచారం. దానియేలన్నను పట్టాముక్క కొట్టి సాగనంపినాం. ఠంగుమని ఒక్క చప్పుడు, అంతే. బడి వదిలినట్టు. గంట ఇయ్యమని ముందర అనింది నేనేనన్నా. ఆయన సరేనన్నాడు. నన్ను మాత్రం పట్టాముక్కతో పంపొద్దని పాస్టరయ్యకు చెప్పిపెట్టినాను."

ఆమెను వెంటబెట్టుకొని మళ్లీ హోటల్‌కు వెళ్లాను. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా గంట దగ్గరికి పోయి అంచు మీద చెయ్యి వేసింది. సర్వరు తాడు వదిలేసి పక్కకు జరిగాడు.

మురళి మర్యాదగానే మాట్లాడాడు. "అవ్వా, నెల్లూరు నించి పనిగట్టుకోని వస్తాండారు ఈ బండి చూసేదానికి. పాత బండికి పాత గంట ఉండాల. మీ మందిరానికి నేను కొత్తది కొనిస్తా. దీనికంటే పెద్దది."

"కొత్తది ఇస్తే అది బదులవతాది నాయనా. మేమిచ్చింది ఎరువు."

"ఇంజనుకు అసలు గంట పగిలిపోయింది, అబ్బాయ్" అన్నాను నేను. "పాత బండి అంటున్నావు గదా. ఇది దానిది కానే కాదు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఫొటో తీసుకునేటోడికి తెలుసా?"

"గంట బండి మీద ఉంటే గదా ఫొటోలో పడేది. నువ్వు కోడికూర పక్కన కట్టినావు" అంది రూతమ్మ.

అతను నవ్వలేదు. ఆలోచించి చెబుతానని నా ఫోన్ నంబరు తీసుకున్నాడు. భోజనం చేసి పొమ్మన్నాడు. రూతమ్మ ఒప్పుకోలేదు. బస్సు కోసం ఎండలో నిలబడి ఉండగా హోటల్లో పార్సెల్ గంట మోగింది. ఆమె తల తిప్పలేదు.

వానలు పడి ఆగాయి. కబురు లేదు. మురళికి రెండుసార్లు ఫోన్ చేస్తే బిజీగా ఉన్నానన్నాడు. రూతమ్మ రెండుసార్లు కబురుపెట్టి అడిగింది. ఒక మాటకు అర్థం పోతే దాంతో పాటు ఒక పద్ధతి పోతుందనీ, పోయిన పద్ధతిని నిఘంటువు చూపించి రప్పించలేమనీ నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఇది రాయడం మొదలుపెట్టింది కూడా ఆ కోపంతోనే.

మొన్న శుక్రవారం అతనే ఫోన్ చేశాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెద్దాయనా, మురళిని. మా అవ్వనడిగినాను, ఎరువంటే ఏందని. ఎరువు తెచ్చిన గిన్నె తిరిగి ఇయ్యలేదని మా అవ్వకూ, వాళ్ల తోడికోడలికీ పదేళ్లు మాటల్లేవంట. ఇంకొకటి గూడా చెప్పింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఉత్త గిన్నె ఇయ్యకూడదంట. ఉప్పన్నా పెట్టి ఇయ్యాలంట. గంటలో ఉప్పేం పెట్టేది? అందుకని గంట మళ్లీ బండికే కట్టించినాను. ఆదివారం వచ్చి తీసుకోని పో. మా కుర్రోళ్లు ఎంత తన్నుకున్నా దాని గేర్లు పడటం లేదు, నువ్వే తోలుకోని పోవాల. దారి పొడుగునా కొట్టుకుంటా పో, ఆ అవ్వకు ముందరే వినబడాల. మందిరం కాడ గంట దించుకోండి, అది మీది. బండి మాత్రం ఎరువు. సాయంత్రానికి కడిగి తెచ్చియ్యి."