తొమ్మిదేళ్ళ శుక్రవారాలు

ఆయన అసలు పేరేమిటో ఆ వీధిలో చాలామందికి తెలియదు. సిస్టంగారు ఎక్కడుంటారని అడిగితే మాత్రం ఎవరైనా దారి చూపిస్తారు. చెప్పుల దుకాణం దాటాక గాజు తలుపు, తలుపు మీద 'కంప్యూటర్ ఎంబ్రాయిడరీ' అన్న అక్షరాలు, లోపల బల్ల వెనక కుర్చీలో కాస్త వెనక్కి వాలి కూర్చున్న మనిషి. ఎవరేమడిగినా "సిస్టంలో చూసి చెబుతాను" అనేవాడు. టైమెంతయిందని అడిగినా అదే జవాబు. గోడ మీద గడియారం తన పని తాను చేసుకుపోతున్నా దాన్ని లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

ఆ దుకాణంలో కుట్టేది మిషన్. ఏ దారం ఎటు పోవాలో, ఆకు ఎక్కడ ఆగి కాడ ఎక్కడ మొదలవ్వాలో కంప్యూటర్లో గీసి మిషన్‌కి చెప్పేది ఆయన భార్య. గుండీలు కుట్టి, వేలాడే దారాలు కత్తిరించి, బట్టలు మడతపెట్టేది ఆయన తల్లి. మరి ఆయన చేసేదేమిటి? కంప్యూటర్ని పొద్దున ఆన్ చేస్తాడు, సాయంత్రం ఆఫ్ చేస్తాడు. గోడ దగ్గర మెయిన్ స్విచ్ కూడా కట్టేసి, కంప్యూటర్ మీద గుడ్డ కవరు కప్పి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు రెండుసార్లు తడతాడు. ఆ పనిని ఆయన 'సిస్టం అడ్మినిస్ట్రేషన్' అనేవాడు.

ఇది కాక ఆయనకు ఇంకో పెద్ద పని ఉంది, బ్యాకప్. శుక్రవారం నాలుగింటికి. ఆ వేళకు కస్టమర్ ఎవరైనా వస్తే బయటే నిలబెట్టేవాడు. చేతులు కడుక్కుని, స్టీలు డబ్బా తాళం తీసి, అందులోంచి పెన్‌డ్రైవ్ తీసేవాడు. ఏడాదికొకటి చొప్పున తొమ్మిది ఉన్నాయి. ఒక్కోదానికీ తెల్ల కాగితం అంటించి, దాని మీద సంవత్సరం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. కంప్యూటర్ తెర మీద 'డిజైన్లు' అని ఒక చిన్న బొమ్మ, దాని మూలన ఇంకా చిన్న వంకర బాణం ఉండేవి. ఆ బొమ్మని పట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి లాగేవాడు. కన్ను మూసి తెరిచేలోగా కాపీ అయిపోయేది.

"చూశావా స్పీడు? సరుకు మంచిదైతే ఇలా ఉంటుంది" అనేవాడు భార్యతో.

అంతటితో ఊరుకునే మనిషి కాదు. పెన్‌డ్రైవ్‌లో ఆ బొమ్మ మీద నొక్కి చూసేవాడు. ఆవిడ గీసిన పూలూ తీగలూ పిట్టలూ అన్నీ బిలబిలమంటూ తెర నిండా పరుచుకునేవి. తృప్తిగా తల ఊపి డబ్బాకి తాళం వేసేవాడు. బ్యాకప్ తీసుకునేవాళ్ళు లోకంలో తక్కువ, తీసుకున్నది పనిచేస్తోందో లేదో సరిచూసుకునేవాళ్ళు ఇంకా తక్కువ అని వీధిలో అందరికీ ఉపన్యాసం ఇచ్చేవాడు. చెప్పులాయన అయితే ఆయన వస్తున్నాడంటే లోపలి గదిలోకి జారుకునేవాడు.

పూర్వం ఒక రేవులో ప్రాణరక్షణ పడవలు కాసే మనిషి ఉండేవాడట. దొంగలెత్తుకుపోకుండా ప్రతి పడవకీ గొలుసు కట్టి, తాళం వేసి, తాళంచెవులు భద్రంగా ఇంట్లో పెట్టుకుని వచ్చేవాడట. ఇరవై ఏళ్ళు పనిచేస్తే ఒక్క పడవా పోలేదు, అందుకు మెచ్చి మెడల్ కూడా ఇచ్చారట. ఓడ మునిగిన రోజున ఏమైందో చెప్పేవాడు మాత్రం ఏ రేవులోనూ దొరకడు. ఇలాంటి మనుషులు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు, అన్ని ఉద్యోగాల్లోనూ ఉంటారు. చిత్రమేమిటంటే వాళ్ళను చూస్తే మనకి ధైర్యంగా ఉంటుంది.

గురువారం పొద్దున సిస్టంగారు కంప్యూటర్ ఆన్ చేసేసరికి తెర నల్లగా మొహం పెట్టుకుని ఉంది. కింద కుడి మూలన పాలిపోయిన అక్షరాలున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ యాక్టివేట్ కాలేదనీ, ఈ కాపీ అసలైనది కాకపోవచ్చనీ వాటి సారాంశం.

ఆయన మొహం కందగడ్డలా అయింది. "అసలైనది కాదా? నా దగ్గర బిల్లుంది! లామినేషన్ చేయించి పెట్టాను!"

"నిన్ను కాదురా, పెట్టెని అంటోంది" అంది తల్లి గుండీలోంచి దారం లాగుతూ.

భార్య కుర్చీ లాక్కుని డిజైన్ల ఫోల్డర్ తెరిచింది. అన్నీ ఉన్నాయి. తొమ్మిదేళ్ళలో గీసినవి పదకొండువందల నలభై డిజైన్లు. అందులో చివరిది బాకా ఊదే పిట్ట. ఊళ్ళో బ్యాండ్ మాస్టరు నలభై జాకెట్ల మీద కుట్టమని ఇచ్చిన ముద్ర అది. జాకెట్లు సోమవారానికి కావాలి.

"ఏమండీ, మూలన రాసుకుంటే రాసుకోనివ్వండి. నా పని నన్ను చేసుకోనిస్తోందిగా. జాకెట్లు ఇచ్చేశాక చూద్దురుగాని."

"ఇవాళ మూలన రాసింది. రేపు నడిమధ్య రాస్తుంది. మాస్టరు వచ్చి చూస్తే ఏమనుకుంటాడు? దొంగసరుకు వాడుతున్నామనుకోడూ?"

"ఆయన పిట్టని చూస్తాడు గాని మూలలు చూస్తాడా? పోనీ, మెకానిక్‌ని పిలుద్దామా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎదురు వరసలో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ పేరెత్తితే సిస్టంగారికి ఒళ్ళు మండుతుంది. పది రోజులుగా దుకాణం రసీదుల మీద పదకొండేళ్ళ కిందటి తేదీ పడుతోంది. బ్యాండ్ మాస్టరు తన రసీదు చూసుకుని, "ఏంటి గురూ, అప్పటికి నేనింకా పెళ్ళిళ్ళలో బల్లలు మోస్తున్నా!" అని నవ్వాడు. అప్పుడు అక్కడే ఉన్న మెకానిక్, "ఒకసారి విప్పి చూడనా అన్నా?" అన్నాడు. "అది సిస్టం డేటు. నీకర్థం కాదులే" అని సిస్టంగారు పంపించేశాడు. ఏమిటో తనకూ అర్థం కాలేదన్న సంగతి ఆయన ఒక్కడికే తెలుసు.

"స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్కేనా? ఇది చిన్న పని. ఫార్మాట్ కొట్టి ఉన్నదంతా తుడిచేసి, సిస్టం మళ్ళీ ఎక్కించి, బ్యాకప్ రీస్టోర్ చేస్తే పుట్టినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది."

"పుట్టినప్పుడు దాని కడుపులో ఏముందిరా?" అంది తల్లి.

"అమ్మా, నువ్వు గుండీలు చూసుకో."

"మరి నా డిజైన్లు?" అంది భార్య.

"తొమ్మిది చోట్ల ఉన్నాయి నీ డిజైన్లు. తొమ్మిదేళ్ళు నేను చేసిందేమిటనుకున్నావ్?"

అదేమిటో ఆవిడకీ కచ్చితంగా తెలియదు. చేతులు కడుక్కోవడం చూసింది, తాళాలు చూసింది, పెన్‌డ్రైవ్‌లోంచి పూలు తెరుచుకోవడం కళ్ళారా చూసింది. ఇక ఏమంటుంది? కుర్చీలోంచి లేచింది.

అరకొర పనులు ఆయనకు గిట్టవు. ఫార్మాట్‌లో 'క్విక్', 'ఫుల్' అని రెండు రకాలుంటే ఫుల్ పెట్టాడు. మధ్యాహ్నానికి సిస్టం కొత్తగా ఎక్కింది. కొత్తగా ఎక్కిన సిస్టం కొత్తగా అదే మాట రాసింది: యాక్టివేట్ కాలేదు. ఎక్కడో మురికి మిగిలిపోయిందనుకుని మళ్ళీ ఫుల్ కొట్టాడు. సాయంత్రానికి అదే మాట. శుక్రవారం పొద్దున మూడోసారి, పంటి బిగువున. తేదీ సరిగ్గా ఉందా అని తెర అడిగిన ప్రతిసారీ చూడకుండానే 'అవును' కొట్టాడు. తెర మూలన అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

"సరే, అది తర్వాత చూద్దాం. ముందు డిజైన్లు ఎక్కిస్తాను" అన్నాడు. అప్పటికి సరిగ్గా నాలుగయింది. చేతులు కడుక్కుని, డబ్బా తీసి, ఈ ఏడాది పెన్‌డ్రైవ్ పెట్టి, బాణం గుర్తున్న బొమ్మ మీద నొక్కాడు. ఇది చూపిస్తున్న ఫోల్డర్ ఎక్కడా లేదని తెర చెప్పింది.

పోయిన ఏడాదిది పెట్టాడు. లేదంది. అంతకుముందుది. లేదంది. తొమ్మిదోదీ అదే మాట అంది. భార్య ఫోన్ తీసి మెకానిక్‌ని పిలిచింది.

బట్టతల, చెవి మీద పెన్సిలు, చంకలో చిన్న పెట్టెతో మెకానిక్ వచ్చాడు. పెన్‌డ్రైవ్ తెరిచి చూసి తల గోక్కున్నాడు.

"అన్నా, ఇందులో డిజైన్లు లేవు. ఇది షార్ట్‌కట్."

"అంటే?"

"ఇల్లు కాదు, ఇంటి అడ్రసు. తొమ్మిదేళ్ళుగా అడ్రసు కాపీ చేసి దాచావు. ఇల్లు ఈ కంప్యూటర్లోనే ఉంది కాబట్టి నువ్వు నొక్కినప్పుడల్లా ఇక్కడి తలుపే తెరుచుకుంది. తొమ్మిది పెన్‌డ్రైవ్‌లూ కలిపినా ఒక్క ఫోటో అంత బరువు లేదు."

"ఇప్పుడు ఇల్లెక్కడుంది తమ్ముడూ?" అంది భార్య.

"అదే అడుగుదామనుకుంటున్నా వదినా. ఫార్మాట్ ఒక్కసారేనా కొట్టింది?"

"మూడుసార్లు" అంది తల్లి. "అదీ ఫుల్లుగా."

మెకానిక్ గంటసేపు ఏవేవో పెట్టి తవ్వాడు. క్విక్ అయితే ఎంతో కొంత గీకి తీసేవాడినని, ఇది పునాదితో సహా లేపేసి నేల చదును చేసినట్టుందని చెప్పాడు. మిషన్ వైపు చూశారు. దాని బుర్రలో చివరిగా కుట్టిన డిజైన్ ఒక్కటే నిలుస్తుంది. అదెవరి చేతిరుమాలు మీదో వేసిన ఒంటరి అక్షరం.

తర్వాత మెకానిక్ కళ్ళు తెర కింది గడియారం మీద పడ్డాయి.

"అన్నా, ఇది ఏ సంవత్సరం?"

అతను కంప్యూటర్ పెట్టె విప్పి, లోపల బోర్డు మీదున్న బిళ్ళలాంటి బ్యాటరీని గోటితో పైకి లేపి తీసి కొత్తది పెట్టాడు. కరెంటు లేనప్పుడు తేదీ గుర్తుంచుకునేది ఇదేనని, ఇది చచ్చిపోవడంతో రోజూ మెయిన్ ఆపినప్పుడల్లా కంప్యూటర్ పదకొండేళ్ళు వెనక్కి పోతోందని, తేదీ తప్పుంటే యాక్టివేషన్ కుదరదని చెబుతూ తేదీ సరిచేసి ఇంటర్నెట్ కలిపాడు. పది నిమిషాల్లో మూలన అక్షరాలు వాటంతటవే మాయమయ్యాయి. ఎవరూ చూడనే లేదు.

తల్లి పాత బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది కోటు గుండీ అంతే ఉందిరా! గుండీ ఊడితే బట్టంతా చింపుతారట్రా ఎవరైనా?"

సిస్టంగారు కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి వెనక్కి వాలలేదు.

భార్య దుకాణం వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. తొమ్మిదేళ్ళు. కంటి కింద చారలు ఏ డిజైన్‌కి ఎన్ని పడ్డాయో ఆవిడకు తెలుసు. కోపమంటూ వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చేతికి అందిన గుడ్డ లాగి మొహం తుడుచుకోబోయింది. అది కంప్యూటర్ కవరు. మొహం దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది.

కొత్త డిజైన్ గీశాక అసలు బట్ట మీద వేసే ముందు పాత గుడ్డ మీద ఒకసారి కుట్టి చూడడం ఆవిడ అలవాటు. అంచున బాల్‌పెన్నుతో నంబరు వేస్తుంది. ఆ ట్రయల్ ముక్కలంటే సిస్టంగారికి మంట. దుమ్ము సిస్టంలోకి పోతుందని మూడుసార్లు సంచుల్లో కుక్కి బయట పారేశాడు. ఆ తర్వాత నుంచి ముసలావిడ వాటిని తన సీటు కింద దాచి, ఒకదానికొకటి కుట్టి ఇంటికి కావలసినవి చేసింది. బొంత, తలగడ గలీబులు, తలుపు తెర, మిషన్ ముసుగు, చివరికి కంప్యూటర్ కవరు. ఆ కవరు మధ్యలో, మిడతల గుంపుకీ తామరాకుకీ నడుమ, బాకా పట్టుకున్న పిట్ట ఉంది.

"అత్తయ్యా, ఈ కవరు విప్పుతాను."

"విప్పుకో తల్లీ. ఇంట్లో ఇంకో ఏడున్నాయి."

మెకానిక్ స్కానర్ తగిలించి ఇచ్చాడు. ఆవిడ ముక్కని స్కాన్ చేసి, తెర మీద ఆ బొమ్మ పైనే మళ్ళీ గీత గీసుకుంటూ, ఈకకొక కుట్టు చొప్పున మిషన్‌కి చెప్పుకుంటూ పోయింది. శనివారం బ్యాండ్ మాస్టరు వచ్చి ఆవిడ భుజం మీదుగా తొంగి చూశాడు.

"అక్కా, పిట్ట నోరు మూసుకుందేం? పోయినసారే చెప్పాగా, నోరు మూసుకున్న పిట్ట బ్యాండుకెందుకని!"

"ఇది మీరు చెప్పకముందు కుట్టిన ముక్క. తెరిపిస్తాను ఉండండి."

"ఏమైంది, మళ్ళీ గీస్తున్నారు?"

సిస్టంగారు గొంతు సవరించుకున్నాడు. "యాక్టివేషన్ సమస్య వచ్చిందిలే మాస్టరూ. బ్యాకప్‌లోంచి రీస్టోర్ చేస్తున్నాం. మా దగ్గర గుడ్డ మీద కూడా బ్యాకప్ ఉంటుంది."

భార్య తలెత్తలేదు. ముసలావిడ మాత్రం నోట్లో ఉన్న దారాన్ని పళ్ళతో టక్కున తెంపింది.

సోమవారం మధ్యాహ్నానికి నలభై పిట్టలూ నోరు తెరిచాయి. జాకెట్లు వెళ్ళిపోయాయి. అసలు పని అప్పుడు మొదలైంది. ఇంట్లో ఉన్న బొంతలూ గలీబులూ తెరలూ అన్నీ నేల మీద పరిచి లెక్కపెడితే ఆరువందల పన్నెండు నంబర్లు తేలాయి. మిగతా ఐదువందల ఇరవై ఎనిమిదీ ఎక్కడున్నాయని ఎవరూ ఎవర్నీ అడగలేదు. మూడు సంచులు ఎవరు మోసుకెళ్ళి పారేశారో ఆ గదిలో అందరికీ తెలుసు.

శుక్రవారం నాలుగింటికి సిస్టంగారు అలవాటు కొద్దీ లేచి చేతులు కడుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి బల్ల మీద డబ్బా లేదు. తలగడ గలీబు, కుట్లు విప్పే చిన్న కత్తి ఉన్నాయి.

"ముక్క చిరక్కుండా విప్పండి. నంబరు చెరపకండి" అంది భార్య. ఆవిడ చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. వారం రోజుల్లో తిరిగి గీసిన పదిహేడు డిజైన్లు అందులో పెట్టుకుని మెకానిక్ దుకాణానికి బయల్దేరింది. వేరే కంప్యూటర్లో తెరుచుకుంటాయో లేదో చూడాలని.

"నన్ను నమ్మవా?" అన్నాడాయన.

"తొమ్మిదేళ్ళు నమ్మాను" అని గాజు తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

ఆయన గలీబు ఒళ్ళో పెట్టుకుని మొదటి కుట్టు తెంపాడు. ముసలావిడ కుట్టిన దారం గట్టిది, అంత తేలిగ్గా తెగదు. ఎదురుగా కూర్చున్న తల్లి కళ్ళజోడు సవరించుకుంది.

"ఒరేయ్, మెల్లిగా. ఫుల్లుగా లాగకు."