సొల్యూషన్ వాసన

మా నాయన ధర్మయ్య కొండ మీది ఇనుప గనిలో బెల్టులు అతికేవాడు. రాయి మోసే రబ్బరు బెల్టు తెగితే ఇరవై రెండేళ్లు ఆయన్నే పిలిచారు. రెండు కొసలూ గీకి, సొల్యూషన్ అనే ఘాటు వాసన రబ్బరు జిగురు రాసి, వేలి వెనకవైపు ఆనించి చూసేవాడు. వేలికి అంటకూడదు గాని లాగుతున్నట్టు ఉండాలి. అప్పుడే కలిపేవాడు. ఇంట్లో వదులుగా ఉన్న ఏ వస్తువునూ ఓర్చుకునేవాడు కాదు. అమ్మ చెప్పుల పట్టీ ఊడినా, నా బడి సంచి అడుగు చిరిగినా సొల్యూషన్ డబ్బా తెరిచేవాడు.

తొంభై ఏడో సంవత్సరం వానాకాలంలో ఆయన మంచం పట్టాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని, దసరా దాకా కూడా ఉండడని ఆసుపత్రిలో అమ్మకు చెప్పారు. పక్కనే ఉన్న నేనూ విన్నాను. దసరాకు డ్యూటీ ఎక్కుతావని మాత్రమే ఆయనకు చెప్పాం. ఆ నమ్మకంతోనే పూటపూటా గంజి తాగేవాడు.

గని వాళ్లిచ్చిన మా క్వార్టర్ గచ్చు పగిలి, ఊడ్చినకొద్దీ పొడి లేచేది. ఎప్పుడో జగదల్‌పూర్ నుంచి తెచ్చిన వినైల్ షీటు చుట్ట బీరువా వెనక నిలబెట్టి ఉంది. అది పరిపించమని నాయన పట్టుబట్టాడు. అమ్మ పుట్టిల్లు కొంటా అనే ఊరు. ఆ పక్క ఊరి హడ్మా కాలనీలో ఈ పని చేసేవాడు. వచ్చి గది కొలిచాడు.

"బావా, అంచులకే సొల్యూషన్ పెడ్త. నడుమ అక్కర్లే."

"నడుమ మీ తాత పట్టుకుంటడా? మంచం జరిపితే ముడత లేస్తది. అంతటా రాయి."

"గచ్చుకు తేమ ఉంది. మొత్తం అంటిస్తే బుడగలొస్తయి."

"బుడగొస్తే పనోడికి పని రాదన్నట్టు. తుడువు, ఆరనియ్యి, రెండు కోట్లు రాయి. ఏందిరా, నేను అతికిన బెల్టు మీద టన్నులు పోతయి. నీ చాప మీద నా మంచం ఆగదా?"

హడ్మా నవ్వాడు. "సర్లే, ఇంజనీర్ సాబ్."

అమ్మ అతన్ని వంటింట్లోకి పిలిచింది. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను.

"అసలేం రాయకు తమ్మీ. ఆయన పోతే క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరు. అంటిస్తే పీకేటప్పుడు చినిగిపోతది, నాతో రాదు. వాకిలి కాడ ఒక్క టేపు ముక్క వెయ్యి, కాలికి తట్టకుండ."

"బావ అడిగితే?"

"రాసిన్నని చెప్పు."

హడ్మా కత్తి అంచును బొటనవేలితో చూసుకుని గదిలోకి వెళ్లాడు.

వాసన పడదని చెప్పి నాయనను మంచంతో సహా వరండాలోకి మార్చాం. హడ్మా గోడల వెంబడి షీటు కోసి, మూలలు సర్ది, వాకిలి దగ్గర రెండువైపులా అంటుకునే టేపు వేశాడు. సొల్యూషన్ డబ్బా మూత తీయలేదు. సాయంత్రం మంచం లోపలికి తెచ్చాం.

గడప దాటగానే నాయన ముక్కుపుటాలు కదిలాయి. దగ్గు ఆపుకుని ఇంకోసారి గాలి పీల్చాడు. ఇరవై రెండేళ్లు పీల్చిన ఆ వాసన గదిలో లేదు. అమ్మ వైపు చూశాడు. అమ్మ దుప్పటి సర్దుతూ తల ఎత్తలేదు.

"అంతటా రాసినవా?"

"రాసిన బావా."

"రెండు కోట్లు?"

"రెండు."

నాయన కళ్లు మూసుకున్నాడు. "మంచిగ పట్టింది," అన్నాడు.

ఆ తర్వాత దసరా మాట ఎత్తలేదు. గంజి గిన్నె తీసుకెళ్తే చేత్తో పక్కకు నెట్టేవాడు. మేం మంచం జరపబోతే మాత్రం, "ఈడ్వకుండ్రి. ఎత్తి పెట్టుండ్రి," అనేవాడు. పదకొండో రోజున పోయాడు.

ఖాళీ చెయ్యమని కాగితం వచ్చాక నేనూ అమ్మా షీటు చుట్టాం. ఎక్కడా చినగలేదు, ముడత కూడా పడలేదు. అంచుల్లోంచి దూరిన ఎర్రదుమ్ము అడుగున గచ్చంతా పరుచుకుని ఉంది. మంచం కోళ్లు ఆనిన నాలుగు చోట్ల మాత్రం పాత సిమెంటు రంగు కనిపించింది. ఇల్లు ఊడ్చి అప్పగించాలని అమ్మ చీపురు తెమ్మంది. ఊడ్చాక ఆ నాలుగు చోట్లు ఎక్కడో తెలియలేదు.