మా గేటుకూ ఒక కఫీల్

కువైట్‌లోని అర్దియాలో మేమున్న క్యాంపుని మేమెప్పుడూ క్యాంపు అనలేదు, ఊరనే అనేవాళ్లం. ఒక కట్టడాల కంపెనీ పనివాళ్ల కోసం వేసిన రేకుల గదులు, చుట్టూ మనిషెత్తు గోడ, ఒకటే గేటు. లోపల మాకు సొంత నీళ్ల ట్యాంకు, సొంత జనరేటరు, రెండు మెస్సులు, ఒక కొట్టు ఉండేవి, శుక్రవారం మాత్రమే కత్తెర పట్టే ఒక మలయాళీ ఉండేవాడు. బయట ఒక పక్క షెడ్లు, ఒక పక్క కువైటీల ఇళ్లు, వాటికవతల మహానగరం. గేటు దాటి లోపలికొస్తే మాత్రం అరబ్బీ మాట చెవిన పడేది కాదు. రెండు మెస్సులెందుకంటే, మా గోదారి వాళ్ల పప్పుచారు కడప వాళ్లకి చేతులు కడుక్కునే నీళ్లలా ఉంటుంది, వాళ్ల కారం మాకు నషాళానికి అంటుతుంది. సంగటి గొప్పలు వాళ్లవి, పులస గొప్పలు మావి. ఒకళ్లనొకళ్లు దెప్పుకోకుండా పొద్దు గడిచేది కాదు.

నేను అక్కడ స్టోర్ కీపర్ని. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని నాకు పేరు. సెలవు చీటీల దగ్గర్నుంచి ఇంటికి రాసే ఉత్తరాల దాకా అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ పేరు వల్ల నాకు ఏ నష్టమూ జరగలేదు. జరిగింది ఇంకొకరికి.

స్టోరు వెనక గోడకి ఆనుకుని ఒక కువైటీ ఇల్లుండేది. వాళ్ల వంటగది దొడ్లో, సరిగ్గా మా గోడ పక్కన. అక్కడ పనిచేసే ఆవిడది కడప జిల్లా. ముప్పై దాటి ఉంటాయి. ఇంటి యజమానురాలిని మామా అనేది, అక్కడ మన పనిమనుషులందరూ అలాగే అంటారు. మధ్యాహ్నం మామా పడుకోగానే నెయ్యి డబ్బా బోర్లించి దానిమీద నిలబడి గోడ మీంచి నన్ను పిలిచేది. ఇవతల నేను సిమెంటు బస్తాలెక్కేవాణ్ణి. ఆవిడ చెప్పేది, నేను రాసేవాణ్ణి. ఆవిడకి చదవడం, రాయడం రాదు. చిన్నదానికి చెవిలో చీము తగ్గిందా, బోరులో నీళ్లున్నాయా, అత్త మాత్రలు మింగుతోందా, రెండేళ్లూ ఇవే. చివర్లో "నేను బాగుండాను అని రాయన్నా" అనేది. ఒకసారి చెయ్యి కాల్చుకుని గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఆ రోజూ అదే రాయించింది. ఇంటి నుంచి జవాబొస్తే నేనే చదివి వినిపించేవాణ్ణి. నేను చదివింది తప్పేమో అన్న అనుమానం ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడలేదు. రాసినందుకు రొట్టెలో, మిగిలిన మచ్‌బూస్ అన్నమో కాగితంలో చుట్టి ఇచ్చేది. నేను మహా మంచివాణ్ణని ఆవిడా అనుకుంది, నేనూ అనుకున్నాను.

1990 ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి ఇరాక్ ట్యాంకులు వచ్చేశాయి. మా ఇంజనీర్లూ మేనేజర్లూ మధ్యాహ్నానికల్లా మాయం. మా పాస్‌పోర్టులు కంపెనీ ఆఫీసు బీరువాలో, ఆ ఆఫీసు నగరం నడిబొడ్డున షర్క్‌లో, షర్క్ నిండా సైనికులు. మొదటి వారం భయంతోనే గడిచింది. రెండో వారానికి మాకొక సంగతి అర్థమైంది. పొద్దున్నే యల్లా యల్లా అని తరిమేవాడు లేడు. గేటు తాళంచెవి మా చేతిలోనే ఉంది. స్టోరు నిండా బియ్యం, పప్పు ఉన్నాయి. బయట అంత పెద్ద నగరం దిక్కు లేకుండా పడుంటే, దాని మధ్యలో మా చిన్న ఊరికి మాత్రం స్వాతంత్ర్యం వచ్చేసింది.

చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది గానీ, ఆ రోజుల్లో మేం కాలరెగరేసుకునే తిరిగాం. కడప వాళ్లలో వయసులో పెద్దవాడైన మేస్త్రీని పెద్దమనిషిగా పెట్టుకున్నాం. కమిటీ వేశాం. రెండు మెస్సులూ ఒకటి చేసి, కారం వాళ్ల లెక్కనా కాదు, మా లెక్కనా కాదు అని నడిమధ్య రకం కూర వండించాం. ఇనప రాడ్లు పట్టుకుని వంతులవారీగా గేటు కాశాం. అంతలో బయటివాళ్లు రావడం మొదలైంది. పని పోయినవాళ్లు, గది పోయినవాళ్లు. సైనికులు ఇళ్లలో దూరి ఎవరెవరి కోసమో వెతుకుతున్నారు. వచ్చినవాడు ఎలాంటివాడో తెలీదు. ఉన్న బియ్యం ఎన్నాళ్లొస్తాయో తెలీదు. అందుకని కమిటీ ఒక రూల్ పెట్టింది. బయటి మనిషిని లోపలికి రానివ్వాలంటే, లోపలివాడొకడు అతనికి పూచీగా నా స్టోరు పుస్తకంలో సంతకం పెట్టాలి. వచ్చినవాడి వల్ల ఏ తంటా వచ్చినా ఇద్దరూ బయటికి పోవాలి. రూల్‌ని అట్టముక్క మీద నల్ల రంగుతో నేనే రాసి గేటు పైకమ్మీకి కట్టాను. అక్షరాలు చాలా బాగా కుదిరాయి.

అది చదివి ఒకడు, "ఇదేందిరా, మన గేటుకూ కఫీలొచ్చినాడే" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. కఫీల్ అంటే మమ్మల్ని ఆ దేశానికి పిలిపించుకున్న అరబ్బు. వాడి పేరు మీదే మా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం. వాడు సరేనంటే ఉంటాం, ఊహూ అంటే ఖలాస్. వాణ్ణి తిట్టకుండా మాలో ఎవడూ ముద్ద మింగలేదు. అలాంటి వాణ్ణి మా గేటు దగ్గర మేమే నిలబెట్టుకున్నామని ఆ నవ్విన వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

రూల్ బాగానే పనిచేసింది. షర్క్ చేపల మార్కెట్లో పనిచేసే మా అమలాపురం వైపు అతను వస్తే, మా వాళ్లు నేనంటే నేనని సంతకం పెట్టారు. ఫింటాస్ నుంచి ఒక డ్రైవరు పెళ్లాం పిల్లలతో వస్తే వాళ్లకి గదే ఖాళీ చేసిచ్చాం. పిల్లలకి పాలపొడి వెతికి తెచ్చాం. ఆ రాత్రి మా అంత మంచి ఊరు లోకంలో లేదనుకుంటూ పడుకున్నాను.

మూడో వారంలో ఆవిడ వచ్చింది. గోడ దగ్గరికి కాదు, సందు చుట్టూ తిరిగి ముందు గేటు దగ్గరికి. మిట్టమధ్యాహ్నం, నెత్తిన తడిగుడ్డ, చేతిలో ఒక సంచి. నన్ను చూడగానే మొహం తేటపడింది.

"అన్నా, మామా వాళ్లు సౌదీకి ఎళ్లిపోయినారు. ఇల్లు చూసుకోమని తాళాలిచ్చి పోయినారు. నిన్న పక్కింట్లోకి మిలట్రీ వాళ్లు దూరినారు. నాకు బయంగా ఉందన్నా. ఈడ మీతో పాటు ఏ మూలనో ఉంటా. వంట చేసి పెడతా."

మేస్త్రీ ఏ ఊరని అడిగాడు. చెప్పింది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు క్యాంపులో నలుగురున్నారు. పిలిపించాం. ఒకడిది ఆవిడ పక్క ఊరే, ఎలక్ట్రీషియను, ఆవిడ మామగారి పేరు చెప్పగానే గుర్తుపట్టాడు కూడా. హమ్మయ్య అనుకుని నేను పుస్తకం తెరిచాను. వాడు పెన్ను తీసుకోలేదు.

"మేస్త్రీ, రేప్పొద్దున ఈమె కఫీల్ తిరిగొచ్చి, నా పనిమనిషిని దాచి పెట్టుకున్యారని కేసు పెడితే ఏం జేయాల? పారిపోయి వచ్చిన మనిషిని పెట్టుకుంటే డిపోర్టే గదా" అన్నాడు.

వాడా మాట అన్నప్పుడు కువైట్ ఎలా ఉందో చెప్పాలి. పోలీస్ స్టేషన్లో పోలీసుల్లేరు. కేసు పెట్టాల్సిన కఫీల్ సౌదీలో ఉన్నాడు. కేసు రాసుకోవాల్సిన దేశమే లేదని ఇరాక్ రేడియో రోజూ చెబుతోంది. ఎవరైనా మమ్మల్ని ఆ దేశంలోంచి గెంటేస్తే చాలు దేవుడా అని మేమందరం మొక్కుకుంటున్న రోజులవి. అలాంటి రోజుల్లో వాడు డిపోర్టుకి భయపడ్డాడు. ఒక్కడూ నవ్వలేదు. మిగతా ముగ్గురూ తలలూపారు. ప్రభుత్వం పారిపోయినా దాని చట్టాన్ని మేం గోడ లోపల భద్రంగా దాచిపెట్టాం.

"నేను పారిపోలేదన్నా, వాళ్లే పోయినారు" అంది ఆవిడ. "కావాలంటే చూడండి, తాళాలు నా దగ్గరే ఉండాయి." సంచిలోంచి గుత్తి తీసి చూపించింది.

మేస్త్రీ ఆ గుత్తి వంక చూసి, "అంటే ఇల్లు నీ మీద పెట్టి పోయినారు. వదిలేసి వస్తే అది పారిపోయినట్టే గదమ్మా" అన్నాడు. ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇరవై ఏళ్లు అక్కడ పనిచేస్తే మనిషి ఆలోచన అలా తయారవుతుంది.

అప్పుడు ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు రాయన్నా. నా జాబులన్నీ నువ్వే రాసినావు గదా. నేనేందో నీకు తెలుసు గదా."

తెలుసు. ఆవిడ కూతురి చెవి సంగతి నాకు తెలుసు, బోరు లోతు తెలుసు. పుస్తకం నా చేతిలో, పెన్ను నా చేతిలో. కానీ చుట్టూ ఉన్నవాళ్లు నావంక ఒక రకంగా చూస్తున్నారు. గోడ దగ్గర ఈ రెండేళ్ల కబుర్లూ ఉత్తరాల కోసమేనా అన్నట్టు ఒకడు ఇంకొకణ్ణి మోచేత్తో పొడవడం కనిపించింది. ఒంటరి ఆడమనిషికి పరాయి జిల్లా వాడు పూచీ ఉంటే రేపటి నుంచి మెస్సులో నా గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు.

"రూల్ ప్రకారం మీ తట్టు వాళ్లే రాయాలమ్మా. నేను రాయకూడదు" అన్నాను.

అలాంటి రూల్ లేదు. నేను రాసిన అట్టముక్క నా నెత్తి మీదే వేలాడుతోంది, అందులో ఏ తట్టు మాటా లేదు. చదవడం వచ్చినవాళ్లు పదిమందైనా అక్కడున్నారు. ఒక్కడూ అదేంటి అనలేదు. ఆవిడ తలెత్తి ఆ అట్ట వైపు చూసింది, తర్వాత నావైపు చూసింది. నేను చదివి చెప్పిన దాన్ని ఎప్పుడూ నమ్మినట్టే దాన్నీ నమ్మింది.

"సరే అన్నా" అంది. "ఎవురన్నా రాస్తామంటే చెప్పు."

గోడ మీంచి రోజూ అన్నం అందిస్తామని మేం హామీ ఇచ్చాం. చాలా ఉదారంగా ఇచ్చాం. అన్నమిచ్చే పని నాదే. ఆవిడ డబ్బా మీదెక్కి గిన్నె అందుకుంటూ, "రాస్తామన్నారా అన్నా?" అనేది. "అడుగుతున్నానమ్మా" అనేవాణ్ణి. ఎవరినీ అడగలేదు. ఒకరోజు సైనికులు ఆ ఇంట్లోకే వచ్చి టీవీ, ఫ్రిజ్ మోసుకుపోయారట. మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనకాల దాక్కున్నానని చెప్పింది. ఆ సంగతి మేస్త్రీకి చెప్పాను. "చూద్దాం లే" అన్నాడు. నేనూ చూద్దాం అనే అనుకున్నాను. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. నిజం చెప్పాలంటే నాకు కాస్త ప్రాణం తెరిపిన పడింది.

చివరికి మనవాళ్లని తీసుకెళ్లడానికి బస్సులొస్తాయని మన ఎంబసీ నుంచి కబురందింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతాయి, అక్కడి నుంచి బొంబాయికి విమానం. పాస్‌పోర్టు లేకపోయినా పర్వాలేదు, క్యాంపుల వారీగా పేర్ల లిస్టు ఇమ్మన్నారు. రాసేది ఇంకెవరు, నేనే. అందరి పేర్లూ రాశాక ఆఖరి కాగితంలో సగానికి పైగా ఖాళీ మిగిలింది. మేస్త్రీని అడిగాను, ఆ పనావిడ పేరు కూడా రాయమంటారా అని.

"ఆమె మన పుస్తకంలో ఉందా?"

"లేదు."

"మరింకేం" అని ఆయన సామాన్లు కట్టుకోవడానికి వెళ్లిపోయాడు. ఆయన రాయొద్దని కూడా అనలేదు. నేను రాసుంటే ఎవరూ కొట్టేసేవాళ్లు కాదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడూ అనిపించింది. కాగితాలు మడిచి కవర్లో పెట్టేశాను.

బయల్దేరే ముందురోజు గోడ మీంచి పెద్ద గిన్నె నిండా అన్నమూ, ఒక బియ్యం సంచీ ఇచ్చాను. "ఇంత ఎందుకన్నా?" అంది. "ఉంచుకోమ్మా, రేపు నేను రాలేనేమో" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెబితే తననీ తీసుకెళ్లమంటుందని భయం. మర్నాడు పొద్దున బస్సు ఆవిడున్న సందు ముందు నుంచే పోయింది. నేను కావాలని రెండో వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

జోర్డాన్‌లో మమ్మల్ని గుడారాల్లో ఉంచారు. దుమ్ము, దాహం, నీళ్ల కోసం వరసలు, అవన్నీ అందరూ పడ్డవే. మా కష్టాలు ఇంటికొచ్చాక ఊళ్లో వందసార్లు చెప్పుకున్నాను, విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్కడ మన దేశం నుంచి వచ్చిన ఒక ఆఫీసరు గుడారం ముందు బల్ల వేసుకుని కూర్చుని, ఒక్కొక్క క్యాంపు వాళ్లని పిలిచి లిస్టు సరిచూసుకుంటున్నాడు. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి, అయినా ఓపిగ్గా మాట్లాడుతున్నాడు. మా వంతు వచ్చినప్పుడు బల్ల ముందు నేను నిలబడ్డాను. వెనకాల మేస్త్రీ, ఎలక్ట్రీషియను, ఇంకా చాలామంది ఉన్నారు. ఆయన పేర్లన్నీ టిక్కు పెట్టుకుని, పెన్ను పట్టుకుని తలెత్తి హిందీలో అడిగాడు.

"మీ వాళ్లెవరైనా అక్కడ ఉండిపోయారా? పేరూ, ఇల్లు ఎక్కడో చెప్పండి చాలు. కబురు పంపిస్తాం, వచ్చే బస్సులో ఎక్కిస్తారు."

ఆవిడ పేరు నా నాలిక చివరే ఉంది. చెబితే, మరి మీతో ఎందుకు తీసుకురాలేదని తర్వాతి ప్రశ్న వేస్తాడు. వెనక్కి తిరిగి చూశాను. ఎలక్ట్రీషియను చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"ఎవరూ లేరు సార్" అన్నాను. "మా వాళ్లందరూ వచ్చేశారు."