చుక్క పెట్టిన చోట

మా తోడికోడలిని నేను అక్క అంటాను. నోటితో అక్క, కడుపులో కుళ్ళు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే ప్రయోగశాలలో పని చేస్తాం. ఇంట్లో అత్తగారికీ, అక్కడ సార్‌కీ ఆవిడ మాటే వేదవాక్కు.

ఆవిడ పదో తరగతితో ఆపేసి, గాజు పలకలు కడిగే పనికి చేరింది. డిగ్రీ చదివిన నేను పదమూడేళ్ళ తర్వాత వెళ్ళేసరికి కొలతల గదంతా ఆవిడ చేతిలోనే ఉంది. సమాచారం దాచే డిస్కుల మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన ఒక పొర ఉంటుంది. లేజరు ఆ పొరను సూదిమొన కన్నా చిన్న చోట వేడి చేసి గుర్తు రాస్తుంది. వేడి తొందరగా దిగిపోకపోతే పక్క గుర్తు చెడుతుంది. అందుకని ఏ పొర వేడిని ఎంత వేగంగా వదులుతుందో కొలవాలి, అదీ మా పని. గాలి తగిలితే అంకె మారుతుందని ఆవిడ ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతున్నా ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆవిడ అంకె ఏనాడూ తప్పలేదు. అదే నాకు కంట్లో నలుసు.

గదికి ఇన్‌ఛార్జిని వేస్తారని తెలిశాక నాకు అన్నం సయించలేదు. ఆ కుర్చీ నాకు కావాలి.

ఆ వారమే అక్క పొర పూసిన గాజు పలక ముక్క ఒకటి కొలిచి, చీటీ రాసి, కొలిచిన చోట పలక వెనక సిరా చుక్క పెట్టి భోజనానికి వెళ్ళింది. నేను చీటీలో అంకె ఒక్కటే చూశాను. చోటు వేరని ఎవరైనా వంక పెడతారేమోనని, సరిగ్గా ఆ చుక్క దగ్గరే మళ్ళీ కొలిచాను. రెండింతలకు పైగా వచ్చింది! చీటీ పట్టుకుని పరుగున సార్ దగ్గరికి పోయాను. అప్పటికి అక్క కూడా వచ్చేసింది.

"అక్క లెక్క తప్పు సార్."

"ఎక్కడ కొలిచావమ్మా?"

"అక్క కొలిచిన చోటే సార్. చుక్క మీదే!"

అక్కడున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. బాగా వేడెక్కితే గుణం మారిపోయే పొర అది. మారుతుంది కాబట్టే దాని మీద గుర్తులు నిలుస్తాయి. ఆ ముక్కను ముందు కొలిచి, తర్వాత అదే చోట గుణం మారేదాకా వేడి చేయమని సారే అక్కకు చెప్పారు. ఇక ఆ చోట పాత అంకె మళ్ళీ రాదు. ఆరేళ్ళుగా నాకూ తెలిసిన సంగతే, కుళ్ళు కళ్ళకు కమ్మింది.

అక్క నవ్వలేదు. "తప్పు నాదే సార్. చోటు వాడేశానని చీటీలో రాయడం మర్చిపోయా" అంది.

రాసే ఉంది. నా చేతిలోని చీటీలో, అంకె కింద, ఎర్ర సిరాతో. నేను దాన్ని పిడికిట్లో నలిపేశాను.

"ఇలా మర్చిపోతే గది నీకెలా అప్పజెప్పనమ్మా?" అన్నారు సార్. కుర్చీ మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు, పక్క గదిలో ఆయనకి పోయింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. మా అక్క ఆ నవ్వేదో నవ్వేసి ఉంటే చెల్లుకు చెల్లయిపోయేది. సాయంత్రం బస్సులో ఒక్క సీటు ఖాళీ అయింది. "నువ్వు కూర్చోవే, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు" అంది. సిగ్గు లేకుండా కూర్చున్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అని, అప్పుడు కూడా నాకు కుళ్ళే.