పదో పందెంలో మా వదిన

మా వదిన వెంకటరత్నమ్మ పరమపదించిన వార్త నాకు ఎవరూ చెప్పలేదు. అందరికీ చెప్పినవాణ్ణి నేనే. జగ్గయ్యపేటలో ఆ మధ్యాహ్నం, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఆమె పక్కన కూర్చున్నది నేనొక్కణ్ణే. పెద్దకర్మ అయిపోయింది. అస్థికలు వేదాద్రి దగ్గర కృష్ణమ్మలో కలిపి వచ్చాం. అయినా నందిగామలో నా గదిలో కూర్చుంటే ఆమె ఇక లేదన్న మాట మనసుకు ఎక్కడం లేదు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. చెవిటికల్లు నుంచి మా అన్నయ్య చెయ్యి పట్టుకుని వచ్చిన ఆ కొత్త కోడలే నాకు అన్నం కలిపి పెట్టింది. వదిన మాతృసమానురాలని శాస్త్రం చెబుతుంది. శాస్త్రంతో పని లేకుండానే నాకా సంగతి తెలుసు.

నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ రెండు ఊళ్లలో ఎవరు కాలం చేసినా కర్మ కార్డు మీద నాలుగు వాక్యాల కోసం నా ఇంటికే వస్తారు. "కాస్త బరువుగా రాయండి మాస్టారూ" అంటారు. రాస్తాను. పిల్లికి బిచ్చం పెట్టనివాణ్ణి దానకర్ణుణ్ణి చేసిన సందర్భాలూ ఉన్నాయి. వదిన కార్డు కూడా నేనే రాశాను: "విష్ణు సహస్రనామ పారాయణము నాలకించుచు, భగవద్ధ్యాన నిమగ్నులై పరమపదించినారు." ఆ వాక్యం ఫ్లెక్సీకెక్కి ఇంటి ముందు నిలబడింది. చదివినవాళ్లు చేతులు జోడించారు. అందులో ఆమె పోయిందన్న మాట తప్ప నిజమేమీ లేదు. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

వదిన పోయింది వీడియో గేమ్ ఆడుతూ. ఆమెకు పోటీగా ఆడుతున్నవాణ్ణి నేను.

ఈ మాటకు నవ్వేవాళ్లు ముందు ఆమె చేతుల గురించి తెలుసుకోవాలి. ఆమె జీవితమంతా పాడి. ఎవరి చేతికీ లొంగని గేదె ఆమె పొదుగు నిమిరితే చేపి పాలు వదిలేది. పాలు పిండుతుంటే ఆమె రెండు చేతులూ ఒకదాని వెనక ఒకటి లయ తప్పకుండా కదిలేవి, కళ్లు మాత్రం మూసుకునే ఉండేవి. "కంగారు పెడితే చేపదయ్యా. అది ఇవ్వాలనుకున్నప్పుడు మనం సిద్ధంగా ఉండాలి" అనేది. నేను పిల్లలకు ఎన్నో సుభాషితాలు బోధించాను కానీ ఇంత పనికొచ్చేది ఒక్కటీ చెప్పినట్టు లేదు. అన్నయ్య పోయాక, మోకాళ్లు అరిగాక, ఆమె కొడుకు మురళి గేదెల్ని అమ్మేశాడు. వాడికి ఊళ్లో పురుగుమందుల షాపు ఉంది, వాడికి తీరిక లేదు. ఆ తర్వాత తెల్లవారుజామున ఆమె వేళ్లు దుప్పటి మీద ఊరికే కదులుతుండేవి.

మురళి తన కూతురి కోసం టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఒకటి కొన్నాడు. ఆ పిల్ల హాస్టలుకు పోయాక అది దుమ్ము పట్టి పడి ఉండేది. ఒకసారి సెలవులకు వచ్చి మా ఇద్దరి చేతుల్లో చెరో రిమోట్ పెట్టింది. పరుగు, దూకడం, గుండు విసరడం, బల్లెం, కర్ర పట్టుకుని ఎగరడం వగైరా పది పందేలు. అన్నిటి మార్కులూ కలిపి ఎక్కువ వచ్చినవాళ్ల బొమ్మ చివర్లో పై మెట్టు మీద నిలబడుతుంది. పరుగు పందెంలో రెండు మీటలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోవాలి. వదిన ఆ రిమోట్‌ను పాలచెంబులా మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. కళ్లు మూసుకుంది. బొటనవేళ్లు కదిలాయి. పచ్చ చొక్కా వేసుకున్న ఆమె బొమ్మ నా బొమ్మను సగం దారిలో వదిలేసి గీత దాటింది.

"ఇదేంటే, ఇంతేనా?" అంది మనవరాలితో. "దీనికన్నా మన కర్రిగేదె నయం, కనీసం తన్నేది."

ఆ పచ్చ చొక్కా బొమ్మకు నాగమణి అని పేరు పెట్టింది. "నేను జన్మలో పరిగెత్తింది గేదె కట్టు తెంచుకున్నప్పుడే. నాగమణికి ఆ ఖర్మేం లేదు, దాని ఇష్టానికి అది పరిగెత్తుద్ది" అనేది. అప్పటినుంచి వీలైనప్పుడల్లా నేను నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగేవాణ్ణి. వదినను పలకరించడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేవాణ్ణి. అదీ నిజమే.

నేను ఓడితే కారణాలు వెతికేవాణ్ణి. కళ్లద్దాలు మసకబారాయి, బస్సులో నడుం పట్టింది, రిమోట్‌లో బ్యాటరీ అయిపోవచ్చింది. "మాస్టారు ఓడితే లోకంలో అన్నీ పాడైపోతాయి" అని నవ్వేది. ఒకరోజు ఉక్రోషంలో గోటితో మీటను గీకి గీకి రిమోట్ పాడుచేశాను. సాయంత్రం మురళి అడిగితే, నేను నోరు తెరిచేలోగా "నా చెయ్యి జారిందిరా" అంది. పెద్ద వయసులో ఆటేమిటని కొడుకు విసుక్కుంటే తల వంచుకుని విన్నది. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాను.

అన్నిటికన్నా పెద్ద పిరికితనం ఇంకొకటి ఉంది. పద్యాలు చెప్పిన పండితుడు మీటలు నొక్కుతూ కేకలు వేస్తున్నాడని ఊరికి తెలిస్తే ఏమవుతుందని నా భయం. అందుకే తలుపు గడియ పెట్టనిదే ఆడేవాణ్ణి కాదు. ఎవరైనా తలుపు తడితే చటుక్కున టీవీని భక్తి ఛానెల్‌కు మార్చేవాణ్ణి. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "దొంగతనం చేస్తన్నామా ఏంటయ్యా? ఆడుకుంటన్నాం" అనేది. ఆ అలవాటే చివరికి ఆమె చావును కూడా మార్చేసింది.

పరుగుల్లో ఆమెకు తిరుగులేదు కానీ పది పందేల మొత్తం మాత్రం ఎప్పుడూ నాదే. కర్ర పట్టుకుని ఎగిరే పందెంలో నాగమణి ప్రతిసారీ కడ్డీని తన్నేసేది, మార్కులు సున్నా. "ఒక్కసారి దీన్ని ఆ పై మెట్టు మీద నిలబెట్టాలయ్యా. ఆ తర్వాత నువ్వు రమ్మన్నా ఆడను" అనేది. ఆ రోజు నాగమణి కడ్డీ దాటింది. వదిన చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తొమ్మిది పందేలు ముగిసేసరికి నాకు అందనంత ముందుంది. నాకు లోపల మండుతోంది.

ఆఖరి పందెం పెద్ద పరుగు. మొదలయ్యే ముందు ఆమె ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుంది.

"చెయ్యి లాగతందయ్యా" అంది. "భుజం కాడ్నుంచీ."

"ఓడిపోతానని ముందే సాకు చెప్తన్నావా వదినా?" అన్నాను.

"సాకులు నీకు గానీ నాకెందుకు. కానియ్యి" అని ఆమే మీట నొక్కింది.

నేను తెర వైపే చూస్తున్నాను. నాగమణి వెనకబడింది. నాకు ఉత్సాహం వచ్చింది. ఒక్కసారి పక్కకు చూస్తే ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. పరుగు పందెంలో ఆమె ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా అనుకున్నాను. నాగమణి ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. నేను గీత దాటి "గెలిచా వదినా!" అని అరిచాను. ఆ అరుపు ఆమె చెవిన పడిందో లేదో నాకు తెలియదు. పడకూడదనే కోరుకుంటున్నాను.

పట్టుకుని కుదిపాను, పిలిచాను. నా కేకలకు పక్కింటి అనసూయమ్మగారు వచ్చి తలుపు బాదింది. గడియ తీయడానికి లేచిన నేను, ఆ క్షణంలో కూడా, ముందు టీవీ మార్చాను. చెయ్యి దానంతటదే పోయిందని చెప్పుకోవచ్చు. చెయ్యి నాదే. తెర మీద సహస్రనామం నడుస్తోంది. అనసూయమ్మగారు వదినను చూసి, టీవీని చూసి, చెంపలు వేసుకుంది. "మహాతల్లి! నామం వింటా వెళ్లిపోయింది. ఎవరికొస్తుందండీ ఇంత పుణ్యం?" నేను కాదనలేదు.

వచ్చిన డాక్టరు గుండెపోటు అన్నాడు. "ముందు ఏమన్నా చెప్పారాండీ? నొప్పనిగానీ, చెయ్యి లాగుతుందనిగానీ?" అని అడిగాడు. మురళి అక్కడే నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు. "లేదండి" అన్నాను.

కర్మ మర్నాడు మురళి నన్ను వరండాలోకి పిలిచాడు. "బాబాయ్, ఒకటడుగుతా. అమ్మకి ఆ శ్లోకాలు మొదలైతే నిద్రొచ్చేది. ఆ రోజు ఎందుకు పెట్టుకుంది?" ఆట సంగతి చెప్పేశాను. వాడు ఆ పది రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "ఎవరు ముందున్నారు?" అన్నాడు. "అమ్మే" అన్నాను. "మరి ఫ్లెక్సీ మీద అది వెయ్యాల్సింది" అని కళ్లు తుడుచుకున్నాడు. చెయ్యి సంగతి నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నవ్వుతున్న వాణ్ణి చూసి, ఇది చాల్లే అనుకున్నాను.

ఈ వ్యాసం మొదలుపెట్టాక, కలం ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ముందుకు కదల్లేదు. బస్సెక్కి వాడి షాపుకే వెళ్లాను. మిరపతోటకు మందు అడుగుతున్న రైతును పంపించేదాకా ఆగి, జరిగింది జరిగినట్టు చెప్పాను. మురళి గల్లాపెట్టె మూశాడు.

"అప్పుడే తీసుకెళ్తే బతికేదా, బాబాయ్?"

"తెలీదురా."

"నాకూ తెలీదు" అన్నాడు. మందు డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు. భోజనానికి ఉండమనలేదు. ఆ ఇంటివాళ్లు నన్ను ఆ మాట అడగకుండా పంపడం ఇదే మొదటిసారి. వదిన ఉండగా నేను ఆకలితో ఆ ఊరి బస్టాండుకు వచ్చింది లేదు.

ఆమె వంటి నిష్కపట హృదయ ఇక మా వంశంలో పుట్టదు. నా తప్పుల్ని తన చెయ్యి జారిందని చెప్పి మోసే మనిషి నాకిక దొరకదు. మార్కులు పదేపదే కూడి చూసుకున్నాను. ఆఖరి పందెంలో ఆమెకు సున్నా వచ్చినా మొత్తం ఆమెదే. ఇంకొక్క నిమిషం ఆగితే నాగమణి పై మెట్టు ఎక్కేది. నా పరువు కోసం ఆ దృశ్యాన్ని నేనే తెర మీద లేకుండా చేశాను. మెట్టు మీద ఆ పచ్చ చొక్కాను ఎవరూ చూడలేదు. కనుక నా పాత కార్డును రద్దు చేసి, బరువు తగ్గకుండా, మళ్లీ రాస్తున్నాను:

"చెవిటికల్లు ఆడపడుచు, జగ్గయ్యపేట వాస్తవ్యురాలు శ్రీమతి వెంకటరత్నమ్మగారు, పది పందెముల మొత్తమున తన మరిదిని ఓడించి, చెయ్యి లాగుచున్నదని ఆతనితో చెప్పియు, ఆతడు వినకపోగా, పరుగు నడుమ పరమపదించినారు."

ఓడిన మరిదికి ఈసారి సాకేమీ లేదు.