ఇసుక మేట మీద పసిపిట్టలు

మా అక్క సుగుణ దవాఖానాలో పురుళ్ల వార్డు నర్సుగా పనిచేసి రిటైరైంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక డిజిటల్ కెమెరా కొనుక్కుంది. మొదట పెరట్లో గులాబీలను తీసింది. తర్వాత మా వీధి కుక్కలన్నిటినీ తీసింది. కుక్కలు కూడా అయిపోయాక, సముద్రం ఒడ్డుకు పోయి అక్కడి పిట్టల పిల్లలను తీస్తానని పట్టుబట్టింది. ఆ మోకాళ్ల నొప్పులతో మా బొగ్గు గనుల సెంటినరీ కాలనీ నుంచి సముద్రం దాకా ఎవరు తీసుకెళ్తారు? సైన్సు టీచర్ని కదా, నా నోరు ఊరుకోలేదు.

"ఆ పిట్టల చుట్టాలు మన దగ్గర్నే ఉన్నయ్ అక్కా. ఎండకాలంల గోదావరి ఇసుక మీద గుడ్లు పెడ్తయ్" అన్నాను.

పసుపు ముక్కు, నెత్తిన నల్ల టోపీ, చీలిన తోక. చేప కనబడితే నీళ్లలోకి రాయిలా పడతాయి. ఇంత వివరంగా చెప్పినందుకు నా ఆదివారం పోయింది. ఆదివారం మేం చర్చికి వెళ్తాం. "ఆయన చేసిన పిట్టలే గదా, ఏమనుకోడు" అని అక్క దేవుడి తరఫున కూడా తేల్చేసింది.

పొద్దున ఆరింటి బస్సుకే వెళ్దామన్నది అక్క. దారిలో తినడానికి బియ్యప్పిండి సర్వప్పలు ఇంకా కాలలేదని ఏడున్నర బస్సు దాకా ఆపిందీ అక్కే. బస్సు నిండా రాత్రి షిఫ్టు దిగి గోదావరిఖనికి పోతున్నవాళ్లు. కనురెప్పలకు ఇంకా బొగ్గు అంటుకుని ఉన్న ఒకాయన అక్కను చూసి లేచి సీటిచ్చాడు.

"సుగుణ సిస్టరువు గదా? మా చిన్నోన్ని నువ్వే బయటికి తీసినవ్. ఎటు వోతున్నరు కెమెరతోని?"

"పిట్ట పిల్లల ఫోటోలు తియ్యవోతున్నం తమ్మీ."

"ఇగ పిట్టలకు సుత నువ్వే పురుడు పోస్తవా?"

బస్సంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా అక్క నవ్వింది.

గోదావరిఖనిలో దిగి ఛాయ్ తాగి, షేర్ ఆటోలో గోదావరి బ్రిడ్జి దాకా వెళ్లాం. అక్కడ వల ఆరేస్తున్న రాజయ్య కాకను అడిగితే పడవలో తీసుకెళ్తానన్నాడు. ఎండాకాలం కాబట్టి నది సన్నబడి, మధ్యలో పెద్ద ఇసుక మేట తేలింది. పడవ దగ్గరపడేసరికి దాని మీద తెల్లటి పిట్టలు లేస్తూ వాలుతూ కనబడ్డాయి.

"దిగొద్దు అక్కా, ఈడికెంచే తీద్దాం" అన్నాను.

అక్క కెమెరాలోంచి చూసి పెదవి విరిచింది. "మిరియాల లెక్క కనబడ్తున్నయ్."

"దిగుండ్రి, ఏం గాదు" అన్నాడు కాక.

అక్క గొడుగు విప్పుకుని దిగింది. వెనకాల నేను. పది అడుగులు వేశామో లేదో, పిట్టలన్నీ కేకలు పెడుతూ మా మీదికి వచ్చాయి. అక్క గొడుగు మీద టకటకమని ముక్కులు. గొడుగు లేనిదాన్ని కాబట్టి నా నెత్తిన ముక్కులతోపాటు రెట్టలూ. ఏం గాదన్న కాక తువ్వాల కప్పుకుని పడవలో ముడుచుకు కూర్చున్నాడు.

పిల్లలు మాత్రం ఎక్కడా కనబడవు. ఇసుక రంగులోనే ఉంటాయి కదా. అక్క ఇంకో అడుగు వేయబోయే చోట ఇసుక కదిలింది. గుప్పెడంత పిల్ల ఒకటి లేచి, తడబడుతూ పరుగెత్తుకొచ్చి, అక్క గొడుగు నీడలో నిలబడింది. ముక్కు తెరిచి రొప్పుతోంది.

"తియ్యవే వసంతా, జల్ది తియ్యి!" అంటూ కెమెరా నా చేతికిచ్చింది అక్క. నేను ఒక ఫోటో తీశాను. అంతలోనే అక్క ముఖం మారిపోయింది. వార్డులో ఉన్నప్పటి ముఖం అది.

"మనముండంగ దీని తల్లి దిగుతలేదే. కాళ్ల కింద ఇసుక కాలుతున్నది."

ఇంకా ఎన్ని పిల్లలు ఆ ఎండలో కదలకుండా పడి ఉన్నాయో! "పోదాం పా అక్కా" అన్నాను.

"నేను వోతే దీనికి నీడేది?"

అక్క ఒక అడుగు వెనక్కి వేస్తే పిల్లా ఒక అడుగు వేసింది. కొంచెం దూరంలో, వరదకు కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు ఒకటి ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. దాని పక్కన జానెడు నీడ. అక్క అటు నడవడం మొదలుపెట్టింది. మెట్లెక్కలేని మా అక్క, వంగిన నడుముతో, కింద చూసుకుంటూ, గొడుగును పిల్ల మీంచి కదలనీయకుండా నడిచింది. నేను ముందు ముందు ఇసుక వెతుకుతూ దారి చెప్పాను. పైనుంచి పిట్టల తిట్లు తగ్గలేదు. మొద్దు దగ్గర అక్క గొడుగును మెల్లగా పక్కకు వంచింది. పిల్ల ఒక్క క్షణం ఎండలో నిలబడి, మొద్దు నీడలోకి దూరింది.

వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చాం. కాక పడవను దూరంగా జరిపాడు. కెమెరా అక్క ఒడిలో పెట్టాను, కూర్చుని చూస్తున్నాం. మిగతా పిట్టలు ఒక్కొక్కటే దిగుతున్నాయి గానీ మొద్దు దగ్గరికి ఏదీ రాలేదు. కాక తెడ్డు ముట్టలేదు.

చివరికి ఒక పిట్ట వచ్చింది. నీళ్లను తాకుతూ ఎగిరి, పొట్ట తడుపుకుని, మొద్దు పక్కన వాలింది. నీడలోంచి పిల్ల పరుగెత్తుకొచ్చి ఆ తడి పొట్ట కిందికి దూరింది.

"తియ్యి అక్కా, ఇప్పుడు తియ్యి!"

అక్క రెండు చేతులతో పడవ అంచును గట్టిగా పట్టుకుని ఉంది. "ఊకోవే. పాలిచ్చేటప్పుడు తల్లిని కదిలిస్తరా ఎవరన్న?"

పిట్టలు పాలివ్వవని చెప్పబోయి ఊరుకున్నాను.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే, వెళ్లండి, చూడాల్సిందే. కానీ పొద్దున్నే వెళ్లండి, పడవ దిగకండి. మిరియాల్లా కనబడినా సరే.

మధ్యాహ్నం బస్సులో సర్వప్పలు తింటూ ఫోటోలు చూసుకున్నాం. పిట్టలు మీద పడ్డప్పుడు అక్క తీసినవాటిలో ఆకాశం, గొడుగు అంచు, ఆమె చెప్పు. నేను తీసినదాంట్లో అక్క, గొడుగు, కింద నీడ. పిల్ల ఇసుకలో కలిసిపోయింది. పక్క సీట్లో కూరగాయల గంపతో ఉన్న అవ్వకు అక్క అదే చూపించింది.

"పిట్ట పిల్ల ఏదమ్మా?"

"ఈడనే ఉన్నదవ్వా, మంచిగ చూడు."

అవ్వ కెమెరాను దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అక్క ముఖం చూసింది.

"ఆఁ, ఉన్నది. మస్తున్నది బిడ్డా" అంది.

నాకైతే ఇప్పటికీ కనబడలేదు. అక్క మాత్రం ఆ ఫోటోను పెద్దది చేయించి ముందు గదిలో పెట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తుంది. లేదన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.