ఇరుసు మీద మూడు బొట్లు

కెనడాలో, టొరంటో పక్కన ఎటోబికోలో నేను పార్ట్‌టైమ్ చేస్తున్న గ్యారేజీకి నిన్న పాత అమెరికన్ స్టేషన్ వ్యాగన్ వచ్చింది. "వెనక ఇరుసు ఒరిజినలేనా, నంబర్ చెక్ చేసి చెప్పమ్మా" అన్నారు ఓనర్ అంకుల్. కిందికి దూరి మడ్డి గీకుతుంటే గేరాయిల్ వాసన. అంతే, చిన్నప్పటి మా అంబాసిడర్ కారు కిందికి వెళ్లిపోయాను.

దసరాకి మీరూ కారుకి బొట్లు పెట్టేవారు కదూ? మా మెకానిక్‌ని పెదనాన్నా అనేదాన్ని. "బరువంతా మోసేది ఇరుసేనమ్మా, దానికీ పెట్టు" అనేవాడు. ఓ దసరాకి ఎర్ర పెయింటుతో మూడు వంకర బొట్లు పెట్టాను.

తర్వాత కారు రిపేరుకని ఆయన షెడ్డులో నెల్లాళ్లు ఉండి వచ్చింది. మళ్లీ దసరాకి దూరితే బొట్లు లేవు.

"నాన్నా, ఇది మన ఇరుసు కాదు!"

"కడిగితే పోయుంటాయిలే తల్లీ" అని పెదనాన్న నా తల నిమిరాడు. నాన్న నన్నే కసిరాడు.

ఆ సాయంత్రం పెదనాన్న భార్య, పెద్దమ్మ, వాళ్ల అంబాసిడర్‌కీ బొట్లు పెట్టమంది. కిందికి దూరాను. నా మూడు వంకర బొట్లూ అక్కడున్నాయి. ఇరుసు కాజేయడానికి వచ్చిన చేతులు, బొట్లు చెరపడానికి మాత్రం రాలేదు ఆ మహానుభావుడికి! నాన్నకి మాత్రం మళ్లీ చెప్పలేదు.

నిన్న వ్యాగన్ నంబరు కలవలేదు. "అంకుల్, ఇది దీని ఇరుసు కాదు" అన్నాను.

ఆయన వెంటనే నమ్మారు. నాకు ఏడుపొచ్చింది.